పైకప్పు లేని రెండు కార్లు

నేను పనిచేసే గదికి కిటికీలు లేవు. తడ దగ్గరి పారిశ్రామికవాడలో ఒక విడిభాగాల కంపెనీ అది. మెషిన్ల మీద తయారై వచ్చిన ఇనుప ముక్కలు సరైన కొలతకు ఉన్నాయో లేదో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఇనుము వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని కొలతల గదిని ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీల దగ్గరే ఉంచుతారు. బయట రోహిణీ కార్తె ఎండలు కాస్తున్నా, తుఫాను గాలికి చెట్లు విరుగుతున్నా లోపల ఉన్న నాకు తెలిసేది కాదు. పొద్దున్నే సూళ్లూరుపేటలో కంపెనీ బస్సు ఎక్కితే అప్పటికే దాని కర్టెన్లన్నీ మూసి ఉండేవి. అలా పదమూడేళ్లు గడిచాయి.

మా అమ్మాయి చదువుకోసం తిరుపతి వెళ్లి హాస్టల్లో చేరిన ఏడాది నాకు కుదురు తప్పింది. ఏ పని చేస్తున్నా ఇంకేదో పని మిగిలిపోయినట్టు ఉండేది. కూర పొయ్యి మీద పెట్టి వీధిగుమ్మం దాకా వెళ్లి వచ్చేదాన్ని. ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా లేచి, బయట చెప్పుల దగ్గర నిలబడేదాన్ని. మా ఆయన తీరు నాకు పూర్తిగా భిన్నం. బజారువీధిలో ఆయనకు మందుల షాపు ఉంది. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేచేవారు. భారీ మనిషి. నిదానంగా మాట్లాడతారు, నిదానంగా తింటారు, స్కూటరు కూడా ఎడ్లబండిని దాటాలా వద్దా అని ఆలోచించే వేగంతో నడుపుతారు.

"ఏంది, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతుండావు?" అని నన్ను చూసి నవ్వేవారు.

అలాంటి రోజుల్లోనే మాతో పనిచేసే ఒకావిడ ఇంటి గృహప్రవేశానికని వాకాడు వైపు వెళ్లాను. భోజనాలయ్యాక అందరూ మాట్లాడుతూ కూర్చుంటే నేను కూర్చోలేక రొయ్యల గుంటల గట్టు మీద నడిచాను. గట్టు చివర మేతబస్తాలు పెట్టే రేకుల షెడ్డు ఉంది. అందులో బస్తాల వెనక ఒక చిన్న కారు కనపడింది. ఒకప్పుడు ఎర్రగా ఉండేదేమో, ఎండకు వెలిసి ఇటుకరంగు తేలింది. రెండే సీట్లు, పైకప్పు లేదు. తలుపు నా మోకాలికి కాస్త పైదాకా వచ్చింది. డ్రైవరు సీట్లో ఒక కోడి పొదుగుతోంది.

షెడ్డు ఆ ఇంటావిడ మేనమామది. ఆయన నా వెనకే వచ్చి చెప్పారు. ఎప్పుడో ఈ దేశంలోనే ఒక చిన్న కంపెనీ ఇలాంటివి కొన్ని తయారుచేసి తర్వాత మూతపడిందట. బాడీ మొత్తం ఫైబర్, ఇంజను మామూలు చిన్న కారుది. రొయ్య బాగా కలిసొచ్చిన ఏడు సరదాపడి కొన్నారట. "ఈ ఎండల్లో పైన మూత లేని బండిలో ఎవురు తిరుగుతారమ్మా? మా ఇంట్లో ఏడుగురం. ఇద్దర్ని ఎక్కించుకొని ఐదుగుర్ని యాడ పెట్టేది?" అన్నారు.

నేను తలుపు మీద చెయ్యి వేసి కొద్దిగా పైకి లేపి చూశాను. కారు మొత్తం కదిలినట్టు అనిపించింది. పదమూడేళ్లుగా బరువైన ఇనుముతో మసలుతున్న చేతికి అంత తేలికైన వస్తువు తగిలి నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి పడుకున్నాక కూడా ఆ తేలికే చేతిలో ఉండిపోయింది. వారం తిరక్కుండా దాన్ని కొనేశాను.

మా ఆయన గొడవ చేయలేదు. ట్రాలీ మీదనుంచి దాన్ని దింపుతుంటే చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. "రెండు సీట్లేనా?" అన్నారు.

"ఇంట్లో ఉండేది ఇద్దరమే కదండీ."

"చుట్టాలొస్తే?"

"చుట్టాలకు ఆటోలు ఉండాయి."

ఆయన తలుపు తెరిచి కూర్చోబోయారు. కూర్చోవడం అనకూడదు, దిగారు అనాలి. కారు ఒక పక్కకు ఒరిగింది. మోకాళ్లు ముందుకు తగిలాయి. అయినా సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "బాగుంది" అన్నారు. ఆ మాట నన్ను సంతోషపెట్టడానికి అన్నారని అప్పుడే తెలుసు.

ఫైబర్ బాడీ నాలుగుచోట్ల పగిలి ఉంది. కార్ల మెకానిక్కులు మేం దీన్ని ముట్టుకోం అన్నారు. చివరికి పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లెలో ఫైబర్ పడవలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అందరూ అన్నా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. చేపల వేట మానేసి పడవల పని పెట్టుకున్నాడు. ఆయన కారు పగుళ్లలో వేలు పెట్టి తడిమి, వంగి అడుగుభాగం చూశాడు.

"పడవకు వాడే సరుకే మేడమ్ ఇది. గాజునార మ్యాట్ వేసి రెసిన్ జిగురు పూస్తే రెండు దినాల్లో రాయైపోతాది. ఉప్పుగాలికి దీనికేం కాదు. మీ ఇంజనుకు ఏమన్నా అయితే మాత్రం నన్ను అడగబాకండి" అన్నాడు.

నెల తర్వాత, డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున, నేనూ మా ఆయనా మొదటిసారి ఆ కారులో శ్రీహరికోట రోడ్డెక్కాం. సూళ్లూరుపేట దాటగానే రోడ్డు సరస్సు మధ్యకు పోతుంది. రెండు పక్కలా నీళ్లు. బస్సులో వెళ్తే ఆ నీళ్లను కిందికి చూస్తాం. ఈ కారులో కళ్లు నీళ్ల మట్టానికి కాస్తే పైన ఉన్నాయి. గాలి ఎదురుగా వస్తుందనుకున్నాను, కాని అద్దం మీదుగా దాటిపోయి మళ్లీ వెనకనుంచి తిరిగొచ్చి మెడ మీద కొట్టింది. ఎండుచేపల వాసన, ఒండ్రు వాసన, ముందుపోయే ట్రాక్టరు పొగ, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతున్నాయి. యాభై కిలోమీటర్ల వేగమే వందలా ఉంది. నేను ఏదో అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు.

మా ఆయన ఒక చేత్తో జేబులో ఫోను పట్టుకుని, రెండో చేత్తో తలుపు పట్టుకుని, "అవిగో, ఫ్లెమింగోలు. ఆపు, ఆపు" అన్నారు. నేను ఆపలేదు. రోడ్డు చివర చెక్‌పోస్టు దాకా వెళ్లి, అక్కడ తిరిగి, మళ్లీ మొదటికి వచ్చాను. ఆ దారి అంతే. రాకెట్ కేంద్రం గేటు దాటి మనం వెళ్లలేం, కాబట్టి ఎన్నిసార్లు వెళ్లినా తిరిగి రావలసిందే. ఆ పొద్దున మూడుసార్లు వెళ్లి వచ్చాం. ఆయన ఆపమనడం మానేశారు.

ఊళ్లో మమ్మల్ని చూసి నవ్వుకున్నారు. పెట్రోలు బంకులో ఒకాయన "మూత కొనేదానికి డబ్బులు చాల్లేదా మేడమ్?" అన్నాడు. చర్చిలో ఒక పెద్దావిడ మా ఆయన్ని పక్కకు పిలిచి, ఆడమనిషి అలా తల విరబోసుకుని బజారులో పోవడం ఏం బాగుందని అడిగింది. "గాలికి విరబోసుకుంటాది గానీ ఆమె జడేసుకునే బయల్దేరతాది పెద్దమ్మా" అన్నారట ఆయన. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత వేరేవాళ్లు చెబితే తెలిసింది.

ఆ చలికాలమంతా ఆదివారాలు బాగానే గడిచాయి. వేసవి రాగానే సీట్లు పెనంలా కాలాయి. కారు షెడ్డులో పెట్టాను. పెట్టినదగ్గర్నుంచి నాకు మళ్లీ కుదురు తప్పింది. ఫోనులో ఇలాంటి ఇంకో కారు ఎలా ఉంటుందో చూడటం మొదలుపెట్టాను. చూసేకొద్దీ నా కారులో లోపాలు తెలిసొచ్చాయి. స్టీరింగు తిప్పితే చక్రం ఒక క్షణం ఆలోచించి తిరుగుతుంది. గతుకులో పడితే తలుపులు రెండూ వేర్వేరుగా వణుకుతాయి. గేరు వేస్తే ఎక్కడో మెత్తటి దానిలో దిగబడినట్టు ఉంటుంది. అంతకుముందు అవేవీ లోపాలని నాకు తెలియదు.

రెండో కారు చెన్నైలో దొరికింది. జపాన్‌లో తయారైంది, ఇక్కడి ఒక ఫ్యాక్టరీకి పనిమీద వచ్చిన విదేశీయుడు తెచ్చుకున్నదట. ఆయన దగ్గర్నుంచి ఒక డాక్టరుకు, డాక్టరు దగ్గర్నుంచి నాకు వచ్చింది. ఇదీ రెండు సీట్లదే, పైకప్పు గుడ్డది, మడిస్తే వెనక్కు పోతుంది. కాని బాడీ ఇనుము, ఇంజను శక్తి వెనక చక్రాలకు పోతుంది. అన్నింటికంటే దాని గేరు నాకు నచ్చింది. మా గదిలో సరిగ్గా తొలిచిన రంధ్రంలో కొలత గేజు పెడితే, తోయకుండానే తన బరువుకు తనే దిగుతుంది. ఆ గేరు అలా పడేది. చేతికి తెలిసేలోపే పని అయిపోయేది.

అప్పటికి నేను కార్లు నడపడం మానేసి వాటిని పోల్చడం మొదలుపెట్టానని ఇప్పుడు అనిపిస్తుంది. శనివారం ఒకటి తీస్తే ఆదివారం ఇంకొకటి. అదే రోడ్డు, అదే మలుపు, అదే వేగం. ఇనుప కారులో ఉన్నంతసేపూ ఫైబర్ కారు ఇక్కడ ఇంకా తేలిగ్గా ఎగిరేది కదా అనుకునేదాన్ని. ఫైబర్ కారు ఎక్కగానే ఇది ఎంత మోటు బండి అనిపించేది. ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. బ్రేకు, స్టీరింగు, గాలి, చప్పుడు. మా ఆయన్ని ఒక దాన్లో ఒకసారి, ఇంకో దాన్లో ఒకసారి కూర్చోబెట్టి, "ఏది బాగుంది? ఎందుకు బాగుంది?" అని ప్రాణం తీసేదాన్ని.

"రెండూ బాగుండాయి" అనేవారు ఆయన.

"అట్ట చెప్తే ఎట్టండీ? ఏదో ఒకటి చెప్పాల."

"నువ్వు ఆపితే చెప్తా. కదులుతుంటే నాకేం తెలస్తాది?"

ఇలాంటి చిన్న కార్లకు బరువే అన్నింటికన్నా ముఖ్యం. ఇంజను చిన్నది, బరువు తగ్గితేనే పరుగు. ఆ బరువు ఎంతో కచ్చితంగా తెలియకపోవడం నాకు పంటి కింద రాయిలా ఉండేది. హైవే పక్కన లారీలు తూచే కాటా ఒకటి ఉంది. ఒక శనివారం ఇనుప కారు తీసుకెళ్లి తూయించాను. నాతో కలిపి వెయ్యినలభై కిలోలు. మర్నాడు చర్చి నుంచి వస్తూ ఫైబర్ కారును అటే తిప్పాను. పక్కన మా ఆయన ఉన్నారు.

కాటా మనిషి నడివయసువాడు. ముందురోజు వచ్చినందుకు నన్ను గుర్తుపట్టాడు. వెనక రెండు లారీలు ఆగి ఉన్నాయి, వాటి డ్రైవర్లు ఈ బొమ్మలాంటి బండిని చూడటానికి దిగి వచ్చారు. కాటా మనిషి గదిలోంచి అరిచాడు. "ఎనిమిది వందల ఎనభై, మేడమ్!"

నేను అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది. నా మొహం చిన్నబోయింది కాబోలు, కాటా మనిషి మళ్లీ అన్నాడు. "సార్ దిగితే ఎంతొస్తాదో చూద్దామా? నిన్న మీరొక్కరే కదా వచ్చినారు."

అది సరైన మాటే. రెండు కొలతలు పోల్చాలంటే రెండూ ఒకే పద్ధతిలో తీయాలి. నేను పక్కకు తిరిగి "దిగండి" అన్నాను. ఆయన తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టి, చేతులతో ఊతం తీసుకుని లేచారు. ఆయన లేవగానే స్ప్రింగులు కిర్రుమని కారు పైకి వచ్చింది. డ్రైవర్లలో ఒకడు నవ్వాడు.

"ఏడు వందల ఎనభై!"

"అదీ!" అన్నాను నేను. "అదీ అసలు బరువు. మీరు దిగితే గానీ బండికి ప్రాణం రాలేదు చూడండి."

లారీ డ్రైవర్లు ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఆయన కూడా నవ్వారు. "నేను అట్ట పోయి టీ తాగతా ఉంటా" అని రోడ్డు అవతలికి నడిచారు. నేను కాటా మీదనుంచి కారు దించి, చీటీ తీసుకుని, సంఖ్యలు నోటుపుస్తకంలో రాసుకుని టీకొట్టు దగ్గరికి వెళ్లేసరికి ఆయన అక్కడ లేరు. సూళ్లూరుపేట బస్సెక్కి పోయారని కొట్టతను చెప్పాడు. ఎండగా ఉంది కదా, అందుకే పోయి ఉంటారని అనుకున్నాను. నిజానికి అలా అనుకోవడమే నాకు సులువుగా ఉంది.

తర్వాతి ఆదివారం ఆయన రాలేదు. షాపులో సరుకు సర్దాలన్నారు. ఆ తర్వాతి వారం మోకాలు నొప్పి అన్నారు. మూడోవారం నేను అడగలేదు. ఒక్కదాన్నే వెళ్లాను. కారు నిజంగానే తేలిగ్గా పోయింది. మలుపుల్లో ఒరగలేదు. పుస్తకంలో ఆ మాటే రాసుకున్నాను. కాని ఆ పక్క సీట్లో ఎవరూ లేకపోయేసరికి ఎంత దూరం వెళ్లాలో తెలిసేది కాదు. ఒక మనిషి పక్కనుంటే అలిసిపోతారు, ఆకలేస్తుంది, ఇక పోదామంటారు. నాకు ఎవరూ అలా చెప్పలేదు. చెక్‌పోస్టు దాకా పోవడం, తిరగడం, మళ్లీ పోవడం. గేటు దగ్గరి జవాను నాలుగోసారి నన్ను చూసి ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగాడు.

ఆ ఏడాది చలి కాస్త ఎక్కువగానే పడింది. జనవరిలో ఒక శనివారం రోడ్డు మీద తిరిగి వస్తూ, తలనొప్పి మాత్ర కోసం షాపు ముందు ఆపాను. మా షాపు బయట కరెంటుతో నడిచే బరువు చూసుకునే యంత్రం ఒకటి ఉంది, వచ్చేపోయేవాళ్లు ఎక్కి చూసుకుంటారు. ఆయన దాని మీద నిలబడి ఉన్నారు. చెప్పులు విప్పి, జేబులోని తాళాలూ ఫోనూ తీసి పక్కన పెట్టి మరీ నిలబడ్డారు. నన్ను చూసి గబుక్కున దిగారు. ఆయన ఏదైనా గబుక్కున చేయడం నేను చూడటం అదే మొదలు.

"ఏం లేదు, మిషను సరిగ్గా చూపిస్తుందా లేదా అని" అన్నారు.

చొక్కా భుజాల దగ్గర వేలాడుతోందని అప్పుడు గమనించాను. ఇంట్లో రోజూ చూస్తున్న మనిషిలో నేను ఆ తేడా చూడలేదు. వెంట్రుకలో పదోవంతు తేడాను పట్టుకునే కళ్లు నావి. మాత్ర తీసుకుని ఇంటికి వెళ్లిపోయాను.

రెండు వారాల తర్వాత, అదీ ఒక శనివారమే, షాపు ఎదురుగా టీకొట్టు నడిపే అక్క నాకు ఫోను చేసింది. "తొందరగా రామ్మా. సార్ కళ్లు తిరిగి కూలబడినారు. చక్కెర నీళ్లు తాపిస్తా ఉండా" అంది. చేతికి దొరికిన తాళం ఇనుప కారుది. బజారువీధిలో హారను మీదనుంచి చెయ్యి తీయకుండా వెళ్లాను.

ఆయన షాపు లోపల నేలమీద బీరువాకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చొక్కా చెమటకు తడిసిపోయింది. చేతిలో గ్లాసు వణుకుతోంది, ఆ అక్క దాన్ని అడుగున పట్టుకుని ఉంది. ఆయనకు షుగరు ఉంది, ఎనిమిదేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. చుట్టుపక్కల షాపులవాళ్లు నలుగురు పట్టుకుని తలుపు పైనుంచే ఆయన్ని కారులో కూర్చోబెట్టారు. పైకప్పు మడిచి ఉండటం ఆ ఒక్కరోజు ఉపయోగపడింది.

డాక్టరు పరీక్ష చేసి, గంటసేపు ఉంచి, మామూలుగా ఉన్నారని చెప్పాడు. "తిండి మానేసి మాత్రలు మాత్రం వేసుకుంటే పడిపోక ఏమవుతారు? మందులమ్మే మీకు నేను చెప్పాలా?" అని కోప్పడ్డాడు. ఆయన తలొంచుకుని విన్నారు. నేనూ తలొంచుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారు ఎక్కడా ముప్పై దాటించలేదు. మధ్యాహ్నపు ఎండ నెత్తిన కొడుతోంది. గుడ్డకప్పు వేద్దామా అంటే వద్దన్నారు. రైలుగేటు పడింది. ఇంజను ఆపాను.

"ఎన్నాళ్లనుంచి తినడంలా?" అన్నాను.

"తింటానే ఉండా. పొద్దున ఒక్కటే మానేసినాను."

"ఎందుకు?"

ఆయన పట్టాలవైపు చూస్తూ, "బండి తేలిగ్గా పోవాలంటివే" అన్నారు.

"నవ్వులాటకు అన్నానండీ. ఆ కాటా దగ్గర నేను ఏదో..."

"నవ్వులాటకే అన్నావు. నేనూ నవ్వినా కదా. లావుగా ఉండావంటే నాకేం బాధలేదు, చిన్నప్పటినుంచీ అందరూ అంటానే ఉండారు." చేత్తో సీటు అంచు తడిమారు. "నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, నేను లేకుంటే ఎట్టుంటాదో నువ్వు లెక్కేస్తుండావు. అది తెలిసినాక ఇంక ఆ సీట్లో కూర్చోబుద్ధి కాలా."

చెన్నై రైలు వెళ్లింది. గేటు లేచింది. వెనక ఆటోలు హారన్లు కొట్టాయి. నాకు కారు స్టార్టు చేయాలని తోచలేదు. ఆయనే తాళంచెవి వైపు వేలు చూపించారు.

ఆ సాయంత్రం రెండు కార్లూ అమ్మేస్తానని చెప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆయన పెరుగన్నం తింటూ విన్నారు.

"నా పేరు చెప్పి అమ్మబాకు" అన్నారు. "ఇయ్యాల అమ్ముతావు, పది దినాలకు ఇంకోదాని కోసం ఫోను చూస్తావు. అప్పుడు ఈయన వల్లనే పోగొట్టుకున్నా అనుకుంటావు. అదెందుకు నాకు?"

అది నిజం. నాకు కోపం కూడా వచ్చింది, ఎందుకంటే అది నిజం.

రెండు మూడు వారాలు కార్లు తీయలేదు. పొద్దున ఆయన ఇడ్లీలు తినేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. నాకు కూర్చోవడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు కాబట్టి ఒక్కో ఇడ్లీని ఇంకా నిదానంగా తిన్నారని నా అనుమానం. ఒక రోజు చెయ్యి కడుక్కుంటూ, "ఆ ఎర్ర ఫైబర్‌దాన్ని నడిపేది నాకు నేర్పు" అన్నారు.

"మీకా?"

"స్కూటరు వచ్చు కదా. ఇంకో రెండు చక్రాలు, అంతే కదా."

లైసెన్సుకు కాగితాలు పెట్టి, తెల్లవారగానే ఖాళీగా ఉండే రోడ్లమీద నేర్పడం మొదలుపెట్టాను. నేను మంచి టీచరును కాదు. ఆయన క్లచ్ వదిలే లోపల నాకు మూడుసార్లు ఊపిరి ఆగేది. గేరు మార్చాల్సినచోట మార్చకుండా ఇంజను మూలుగుతుంటే చెయ్యి చాచి నేనే మార్చబోయేదాన్ని. ఆయన నా చేతిని మెల్లగా తీసి నా ఒళ్లో పెట్టేవారు. మార్చి కల్లా ఆయనకు వచ్చేసింది. ముప్పై, మరీ ఖాళీగా ఉంటే ముప్పై ఐదు. అంతకు మించి పోరు.

ఆ వేగంతో నేను ఆ రోడ్డును మొదటిసారి చూశాను. చూడక తప్పలేదు. నడుంలోతు నీళ్లలో నడుస్తూ వల లాగే ఆడవాళ్లు, గట్టుమీద సైకిలుకు కట్టిన ఐసు డబ్బా, నీళ్లు తగ్గినచోట తెల్లగా పేరుకున్న ఉప్పు. ఆయన మాటిమాటికీ కారు పక్కకు తీసి ఆపేవారు. పక్షుల్ని లెక్కపెట్టరు, ఫోటోలు తీయరు, ఊరికే చూస్తారు. పక్క సీట్లో నేను కదులుతూనే ఉండేదాన్ని. బెల్టు తీసేదాన్ని, పెట్టుకునేదాన్ని. ఒకసారి ఇక భరించలేక దిగి నడిచాను. అర కిలోమీటరు పోయాక ఆయన వచ్చి పక్కన ఆపి, "ఎక్కుతావా, ఇట్టనే నడిచొస్తావా?" అని అడిగారు. ఎక్కాను.

ఇనుప కారు ఈలోగా షెడ్డులోనే తుప్పు పట్టింది. తలుపు కింద రంగు ఉబ్బి ఉంటే వేలితో నొక్కాను, వేలు లోపలికి దిగింది. పడవల అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కిందికి దూరి సుత్తితో తట్టి చూశాడు, ఎర్రటి పొట్టు రాలింది.

"ఇనుముకు నా కాడ మందు లేదు మేడమ్. ఈ గాలిలో దీన్ని ఉంచినారంటే రెండేళ్లకు కాళ్లు రోడ్డుకు తగలతాయి" అన్నాడు.

నా నోటుపుస్తకంలో ప్రతి వరుసలోనూ నెగ్గింది ఆ కారే. తుప్పుకోసం నేను వరుస గీయలేదు. కింది పలకలు అతుకువేయించి, ఉప్పుగాలి లేని ఊరని బెంగళూరు మనిషి ఒకాయనకు అమ్మాను. ఆయన వచ్చి, తుప్పు సంగతి దాచకుండా చెబితే విని, ఒకసారి నడిపి, గేరు వేసినప్పుడు నేను మొదటిరోజు నవ్వినట్టే నవ్వాడు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను. బాధపడతాననుకున్నాను. బాధకంటే ముందు, ఇంకా తేలికైనది ఎక్కడైనా ఉందేమో అన్న ఆలోచన వచ్చింది. సిగ్గుపడ్డాను గాని, ఆ ఆలోచన పోలేదు. ఇప్పటికీ భోజనం చేస్తూ ఫోనులో చూస్తూ ఉంటాను. ఆయన చూసి, ఇంకో ముద్ద కలుపుకుంటారు.

ఎర్ర కారు ఇప్పుడు ఆయనదే అయింది. షాపుకు దాన్లోనే వెళ్తున్నారు. నేను మళ్లీ కంపెనీ బస్సే, కాకపోతే నా కిటికీ కర్టెన్ పక్కకు లాగి పెడతాను, పక్కవాళ్లు ఎండ అంటారు, సర్దిచెప్తాను.

మొన్న అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం సరస్సు రోడ్డు మీద ఉన్నాం. ఆయన నడుపుతున్నారు. తూర్పున మబ్బు నల్లగా లేచింది, చూస్తుండగానే దగ్గరికి వచ్చింది. వెనక్కు తిరిగి ఊరు చేరేంత వ్యవధి లేదు, ముందుకు పోతే అటకానితిప్ప పల్లె దగ్గర ఏదైనా చూరు దొరకొచ్చు. మొదటి చినుకులు అద్దం మీద పడ్డాయి.

"గట్టిగా తొక్కండి" అని అరిచాను. "అరవై దాటిందంటే వాన మన తలల మీదుగా పోతాది. తడవం. నేను చూసినాను."

"అట్టనా?" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అన్నారు. వేగం పెరిగింది. నలభై. నలభై ఐదు. నేను ఆయన నడుపుతుండగా ఆ ముల్లు అంత పైకి వెళ్లడం చూడలేదు. చినుకులు అద్దం పైనుంచి వెనక్కు ఎగరడం మొదలైంది. యాభై. ఇంకొంచెం, ఇంకొంచెం అని నేను తలుపు మీద కొడుతున్నాను.

అప్పుడు రోడ్డు మీదికి గేదెలు ఎక్కాయి. ఏడో ఎనిమిదో, ఒకదాని వెనక ఒకటి. ఆయన నిదానంగా బ్రేకు వేసి, వాటికి పదిగజాల ముందే కారు ఆపేశారు. వాన మొత్తం మా మీద పడింది. కళ్లద్దాలు, ఒళ్లు, సీట్లు, అన్నీ నీళ్లే. ఆయన కళ్లద్దాలు తీసి తడిచొక్కాతో తుడుచుకుంటూ గేదెలు దాటేదాకా చూస్తున్నారు. తొందరేమీ లేదు. ఒకటి మధ్యలో ఆగి మావైపు చూసింది.

నేను కూడా కదలకుండా కూర్చోవాలని ప్రయత్నించాను. వెన్ను సీటుకు ఆనించాను, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. కొంతసేపు కుదిరింది కూడా. కిందికి చూస్తే నా కుడికాలు నా వైపు లేని యాక్సిలరేటరును నొక్కుతూ ఉంది.